మన్మథ నామ సంవత్సరపు చీర: పాత వస్త్రాల వ్యాపారి పుస్తకం రాసిన కేసు

పాత బట్టలను పరీక్షించడం, శుభ్రపరచడం, ఇంకొన్నాళ్లు నిలిచేలా భద్రపరచడం నా వృత్తి. నా బల్ల మీదికి సాధారణంగా మడతల దగ్గర చిట్లిన పట్టు, నల్లబడిన జరీ, చెమ్మ పట్టిన శేర్వాణీలు వస్తాయి. ఈ కేసులోని చీరకు చెప్పుకోదగ్గ దెబ్బేమీ లేదు. దాని గురించి చెప్పిన మాటల్లో, రాసిన పేజీల్లో ఉంది లోపం. పాత వస్త్రాలు అమ్ముతూ వాటి గురించి పుస్తకం రాయాలనుకునేవారికి పనికొస్తుందన్న ఉద్దేశంతో, ఆ చీరను అమ్మినావిడ అనుమతి తీసుకుని దీన్ని నమోదు చేస్తున్నాను. పేర్లు, ఊళ్లు, కుటుంబాల ఆనవాళ్లు తీసేశాను. ఆమెను ఇక్కడ ‘వ్యాపారి’ అనే ప్రస్తావిస్తాను.

నేపథ్యం

ఆమె ఈ పనిలోకి వచ్చిన తీరు తెలియకపోతే తర్వాత వచ్చిన చిక్కు అర్థం కాదు. ‘పాత పట్టుచీరలు కొంటాం, జరీ చీరలు కొంటాం’ అని కేక వేస్తూ వీధులు తిరిగేవాళ్లను మనలో చాలామంది చూసే ఉంటారు. వాళ్లు కొనేది చీరను కాదు, అందులోని వెండిని. అసలు జరీ అంటే బంగారు పూత పూసిన సన్నని వెండి తీగను పట్టుదారం చుట్టూ చుట్టినది. అంచులు, కొంగు కత్తిరించి కాలిస్తే పట్టు బూడిదవుతుంది, వెండి మిగులుతుంది. రాగి జరీకీ ప్లాస్టిక్ జరీకీ ఆ విలువ లేదు కాబట్టి, బీరువాలో ఉన్నవాటిలో అన్నిటికన్నా పాతది, అన్నిటికన్నా మంచిది ముందుగా మంటల్లోకి వెళ్లేది.

వ్యాపారి నాయనమ్మ పట్టుచీర అలాగే పోయింది. విషయం తెలిసి ఆమె ఆ కొనుగోలుదారు ఇల్లు వెతుక్కుంటూ వెళ్లేసరికి అంచులు లేవు, నడిమి బట్ట మాత్రం ఒక గోనెసంచిలో కుక్కి ఉంది. అదే సంచిలో ఇంకా కత్తెర పడని చీరలు రెండు కనిపిస్తే, వెండి లెక్కన కట్టే ధర మీద కొంత ఎక్కువ ఇచ్చి తెచ్చుకున్నారు. 1990ల మొదట్లో ఆమె వృత్తి అలా మొదలైంది. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా, వెండి తీసేవాళ్లతో ముందే మాట అనుకుని, వారానికోసారి వెళ్లి సంచులు తిరగేసి, పనికొచ్చేవి ఏరుకుని, రఫూ చేయించి, పరిచయస్తుల ఇళ్లలో చిన్న ప్రదర్శనలు పెట్టి అమ్మారు. బెనారస్, గద్వాల, వెంకటగిరి, కంచి చీరలు, హైదరాబాదు ముస్లిం పెళ్లిళ్ల ఖడా దుపట్టాలు, పట్టు, నూలు కలిపి నేసిన హిమ్రూ శేర్వాణీలు ఆమె చేతుల మీదుగా ఎన్నో వెళ్లాయి. ‘వింటేజ్’ అన్న మాట హైదరాబాదు దుకాణాల్లోకి రాకముందే ఆమె ఆ పని చేస్తున్నారు. తర్వాత అమెరికాలో ఉన్న తెలుగువారు కూడా కొనడం మొదలుపెట్టారు.

ఈ వృత్తికి ఉన్న గొప్పతనమూ లోపమూ ఒకే చోట పుట్టాయి. మంటల్లో పడాల్సిన వందలాది వస్త్రాలను ఆమె కాపాడారు, అందులో సందేహం లేదు. అయితే వెండి తీసేవాడి సంచిలోకి చేరేసరికే చీర తన ఇంటి నుంచి విడిపోయి ఉంటుంది. ఎవరిది, ఎవరు కొన్నారు, ఏ సందర్భానికి కట్టారు అన్నది ఆ సంచిలోకి రాదు. కొనేవాళ్లు మాత్రం కథ అడుగుతారు. కొంత విన్నది, కొంత పోల్చుకున్నది, కొంత తాను కోరుకున్నది కలిపి ఆమె చెప్పేవారు. పదిమందికి చెప్పాక ఆ కథ ఆమెకు కూడా నిజమైపోయేది. మోసగించాలన్న ఉద్దేశం ఆమెకు ఏనాడూ లేదని నేను నమ్ముతున్నాను. అందుకే ఈ కేసు రాయడం అవసరమనిపించింది. ఉద్దేశం చెడ్డదైతే నేర్చుకోవడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు.

వచ్చిన సమస్య

ఒకే నెలలో ఆమెకు రెండు ఉత్తరాలు వచ్చాయి. మొదటిది పుస్తకం గురించి. ఇరవై నాలుగు వస్త్రాల మీద ఇరవై నాలుగు అధ్యాయాలుగా రాసిన ప్రతిని ఒక ప్రచురణకర్తకు పంపితే, సంపాదకుడు దాన్ని తిప్పి పంపారు. తిరస్కరించలేదు, కానీ దాదాపు నలభై చోట్ల అంచులో ఒకటే ప్రశ్న రాశారు: ‘ఇది ఎవరు చెప్పారు?’

రెండోది అమెరికా నుంచి. ‘నూట ఇరవై ఏళ్ల నాటి పెళ్లిచీర’ అని చెప్పి అమ్మిన బెనారస్ పట్టుచీరను అక్కడ వస్త్రాలు తెలిసిన ఒకరికి చూపిస్తే, వారు వయసు గురించి వాదించకుండా, ‘ఇది నిజంగా అంత పాతదైతే భారతదేశం దాటి ఎలా వచ్చింది, కాగితాలు ఉన్నాయా?’ అని అడిగారట. కొన్నవారు అదే ప్రశ్నను వ్యాపారికి పంపారు.

ఆ ప్రశ్న చాలా సరైనది. 1972 పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం, కనీసం వందేళ్లుగా ఉనికిలో ఉండి చారిత్రక ఆసక్తి కలిగిన వస్తువు పురావస్తువు కిందికి వస్తుంది. చేతిరాత ప్రతులకైతే ఆ పరిమితి 75 ఏళ్లు. పురావస్తువులు అమ్మే వ్యాపారానికి లైసెన్సు కావాలి. కేంద్ర ప్రభుత్వం, లేదా అది అధికారమిచ్చిన సంస్థ తప్ప మరెవరూ వాటిని దేశం దాటించకూడదు. అనుమానం ఉంటే పురావస్తువు కాదని భారత పురావస్తు సర్వే శాఖ నుంచి ధ్రువపత్రం తీసుకోవచ్చు. వ్యాపారికి లైసెన్సూ లేదు, ధ్రువపత్రమూ లేదు. అంటే, ధర పెరగడానికి ఆమె చెప్పిన వయసు నిజమైతే అమ్మకం చట్టవిరుద్ధం, అబద్ధమైతే కొన్నవారిని తప్పుదోవ పట్టించినట్టు. ఆ రెండింటికీ మధ్య నిలబడే చోటు లేదు. ఈ మాట నేను చెప్పినప్పుడు ఆమె చాలాసేపు మాట్లాడలేదు.

ప్రయత్నించినవి, ఫలించనివి

ఆమె మొదట కోరింది ధ్రువపత్రాలు. తన దగ్గరున్న వస్త్రాలన్నిటినీ చూసి వయసు రాసి సంతకం చేయమన్నారు. నేను ఒప్పుకోలేదు. బట్టను చూసి ‘ఫలానా ఏడాది కన్నా ముందుది కాదు’ అని చెప్పడం చాలాసార్లు సాధ్యమే, ‘ఫలానా ఏడాదిది’ అని చెప్పడం అరుదుగా తప్ప సాధ్యం కాదు. నా సంతకం ఉంటే ఆ తేడా చెరిగిపోతుంది, కొనేవాళ్లకు అంకె ఒక్కటే కనిపిస్తుంది. దానికి బదులు, వయసు కట్టకుండా, పదార్థాల పరీక్ష మాత్రం చేసి కనిపించింది రాసిస్తానన్నాను. అప్పుడు అది తెలివైన మధ్యేమార్గమని అనుకున్నాను.

అరవై వస్త్రాలకు రెండు నెలలు పట్టింది. భూతద్దం కింద జరీ లోపలి దారం చూశాను, పడుగు పేకల లెక్క తీశాను, అతినీలలోహిత దీపం కింద ఒక్కొక్కటీ పరిచాను. బట్టకు తెల్లదనం కోసం కలిపే మెరుపు రసాయనాలు ఆ దీపం కింద నీలంగా వెలుగుతాయి. అవి 1940ల నుంచి వాడుకలోకి వచ్చినవి కాబట్టి, వెలుగు కనిపిస్తే నూలు ఆ తర్వాతిదని మొదట్లో గుర్తులు పెట్టుకుంటూ వెళ్లాను. దాదాపు రెండు వారాల తర్వాత గానీ నా పొరపాటు నాకు తట్టలేదు. ఇప్పటి సబ్బుపొడుల్లోనూ అవే రసాయనాలు ఉంటాయి. కొన్న ప్రతి నూలు బట్టనూ వ్యాపారి అమ్మే ముందు ఉతికించేవారు. నేను చదివింది బట్ట వయసును కాదు, చివరి ఉతుకును. గుర్తులన్నీ కొట్టేసి మళ్లీ మొదలుపెట్టాను.

అమెరికాకు వెళ్లిన చీర మీద పదార్థాల సాక్ష్యం మరీ బలహీనం. దగ్గరి నుంచి తీసిన ఫోటోలు, జాకెట్టు కోసమని వ్యాపారి కత్తిరించి ఉంచుకున్న ముక్క, ఇవే నా దగ్గరున్నవి. జరీ అసలు వెండిదే, ఎరుపు కృత్రిమ రంగు. కృత్రిమ అద్దకపు రంగులు 1856 నుంచి, మంజిష్ఠ ఎరుపుకు బదులు వచ్చిన అలిజరిన్ 1869 తర్వాత ఉన్నవే. అంటే ఆ ఎరుపు 1895లోనూ సాధ్యమే, 1955లోనూ సాధ్యమే. నైలాన్, పాలియెస్టర్, ప్లాస్టిక్ జరీ ఏదైనా కనిపిస్తే సులువుగా తేలిపోయేది. ఏవీ లేవు. లేకపోవడం పాతదనడానికి రుజువు కాదు, ఖరీదైనదనడానికి మాత్రమే రుజువు.

ఈలోగా ఆమె పుస్తకాన్ని మరో దారిలో బాగుచేయబోయారు. చేయి తిరిగిన ఒక రచయితకు డబ్బిచ్చి ప్రతిని మళ్లీ రాయించారు. భాష నిజంగా అందంగా వచ్చింది. కానీ సంపాదకుడి నలభై ప్రశ్నల్లో ఒక్కదానికీ జవాబు రాలేదు. పైగా ‘బహుశా’ అని ఆమె రాసుకున్న చోట్ల ఆ మాట లయకు అడ్డమని తీసేయడంతో, అనుమానంగా ఉన్నవి కూడా నిశ్చయాలయ్యాయి. అంతకు ముందు ప్రతే మేలని నేను చెప్పాను. అది చెప్పడం నాకూ సులువు కాలేదు, ఆమె అప్పటికే చాలా ఖర్చు పెట్టారు.

మూడో ప్రయత్నం ఇళ్లకు ఫోన్లు చేయడం. చివరి పదేళ్లలో నేరుగా ఇళ్ల నుంచి కొన్నవి కొన్ని ఉన్నాయి, ఆ నంబర్లు ఆమె దగ్గర ఉన్నాయి. ‘ఆ చీర ఎన్నేళ్ల నాటిది?’ అని అడిగితే అందరి జవాబూ ఒకటే: ‘వందేళ్లు ఉంటుందండీ.’ వందేళ్లు అంటే మన వాడుకలో అంకె కాదు, చాలా పాతది అని అర్థం. పైగా అడుగుతున్నది కొన్న మనిషి కాబట్టి, ఎక్కువ చెబితే సంతోషిస్తుందన్న మర్యాద కూడా అందులో ఉంది.

పనిచేసింది

అప్పుడు నేను సలహా మార్చుకున్నాను. సమస్య వయసు తెలియకపోవడం అనుకున్నాను, కానీ అసలు సమస్య ఆమె ప్రతిలో మూడు రకాల మాటలు ఒకే వాక్యంలో కలిసిపోవడం. ప్రతి వస్త్రానికీ ఒక అట్ట కార్డు పెట్టి దాన్ని మూడు గడులుగా విభజించమన్నాను: చూసింది, విన్నది, అనుకున్నది. మొదటి గడిలో కంటికి, భూతద్దానికి కనిపించేది మాత్రమే రాయాలి. రెండోదానిలో ఎవరు చెప్పారు, వారికి ఆ వస్త్రంతో ఏం సంబంధం, ఎప్పుడు చెప్పారు అన్నది ఉండాలి. మూడోదానిలో ఆమె ఊహ, ఆ ఊహకు కారణం. నలభై ప్రశ్నలున్న చోట్లలో అత్యధికం మూడో గడిలోకి జారాయి. ఆమె దాన్ని అవమానంగా తీసుకుంటారేమోనని భయపడ్డాను, కానీ ఊహకు కారణం రాయడం మొదలుపెట్టాక ఆమెకు ఆ గడి మీదే ఇష్టం పెరిగింది. ముప్పయ్యేళ్లు వేల బట్టలు చేత్తో తడిమిన మనిషి ఊహకు విలువ ఉంది. దాన్ని ఊహ అని చెప్పాలి, అంతే.

కొన్ని అధ్యాయాలు కార్డు మీదే కూలిపోయాయి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువు నాటిదని రాసిన శేర్వాణీ అందులో ఒకటి. ఆయన 1911లో మరణించారు. ఆయన బట్టల కోసం కట్టించిన పొడవాటి చెక్క బీరువాల వరుసను పురానీ హవేలీలో ఇప్పటికీ చూడవచ్చు. హైదరాబాదులో ఏ పాత శేర్వాణీ కనిపించినా కథ అక్కడికే వెళుతుంది. ఈ శేర్వాణీ మెడపట్టీ లోపల దర్జీ చీటీ మీద ఆరంకెల పిన్‌కోడ్ ఉంది. పిన్‌కోడ్ మన దేశంలో 1972 ఆగస్టు 15న మొదలైంది. అయినా అంతటితో తీర్పు చెప్పలేదు, ఎందుకంటే లోపలి అస్తరు తర్వాత మార్చి ఉంటే చీటీ కొత్తది, కోటు పాతది కావచ్చు. మెడపట్టీ విప్పి చూస్తే సూది రంధ్రాలు ఒకే వరుస ఉన్నాయి, రెండోసారి కుట్టిన జాడ లేదు. ఆ అధ్యాయం తీసేశారు.

ఇక అమెరికాకు వెళ్లిన ఆ బెనారస్ చీర, అదే మన్మథ నామ సంవత్సరపు చీర. ఇది వెండి తీసేవాడి సంచిలోంచి వచ్చింది కాదు. కృష్ణా తీరంలోని ఒక ఇంట్లో మనవడు ట్రంకుపెట్టె ఖాళీ చేస్తూ అమ్మినది. చీర మడతలో ఒక శుభలేఖ ఉంది. ఆమె సేకరణలో కాగితం ఆధారమున్న అతి కొద్దివాటిలో ఇదొకటి కావడం వల్లే దాని మీద అంత నమ్మకం పెట్టుకున్నారు. శుభలేఖ మీద ఇంగ్లిషు తేదీ లేదు, ‘మన్మథ నామ సంవత్సర వైశాఖ’ అన్న ముహూర్తం ఉంది. మన సంవత్సరాల పేర్లు అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తాయి. మన్మథ అంటే 1955–56 కావచ్చు, 1895–96 కావచ్చు. ఆమె 1895 అనుకున్నారు. ఎందుకని అడిగితే, ‘చీర చూస్తే అలా అనిపించింది మేడమ్’ అన్నారు. కార్డు మీద ఆ వాక్యాన్ని మూడో గడిలో ఆమె చేతితోనే రాయించాను.

శుభలేఖ ఫోటోను ఒక సిద్ధాంతిగారికి చూపించాం. తిథి, వారం, నక్షత్రం మూడూ కలిసే రోజు 1955లో ఉంది, 1895లో లేదు. దాంతో కేసు తేలిపోయిందని నేను సంతోషించాను. చీర 1955 నాటి పెళ్లిచీర, పురావస్తువు కాదు, దేశం దాటడంలో ఆ చట్టం పరంగా అడ్డంకి లేదు, మిగిలింది తప్పుగా చెప్పిన వయసుకు కొన్నవారితో సర్దుబాటు చేసుకోవడమే. వ్యాపారి ఆ రోజే ఉత్తరం రాశారు. తాను చెప్పిన వయసు తప్పని, కావాలంటే రవాణా ఖర్చుతో సహా డబ్బు మొత్తం వాపసు ఇస్తానని, లేదా చీర ఉంచుకుంటే ధర తగ్గిస్తానని. సాకులేమీ చెప్పకుండా రాశారు. కొన్నవారు చీర ఉంచుకున్నారు.

అయితే 1955 అన్నప్పుడు మా ఇద్దరికీ ఒకేసారి ఒక ఆలోచన వచ్చింది. 1895 పెళ్లికూతురిని వెతికే ప్రశ్నే లేదు. 1955 పెళ్లికూతురు బతికే ఉండవచ్చు. వ్యాపారి ఆ మనవడికి ఫోన్ చేస్తే, మామ్మగారు వేరే కొడుకు ఇంట్లో ఉన్నారని, మనిషి బాగానే ఉన్నారని చెప్పాడు. ఇన్నేళ్లలో ఎవరూ ఆమెను అడగలేదు. ఆ వయసు మనిషి ఉండరని చీర కథే ముందుగా తీర్మానించేసింది.

ఇద్దరం వెళ్లాం. ఫోటో చూడగానే ఆవిడ గుర్తుపట్టారు. ‘ఇది నా పెళ్లిచీర కాదమ్మా. పెళ్లిలో కట్టింది మధుపర్కాలు, పెళ్లికి పెట్టిన పట్టుచీరేమో ఎప్పుడో చిరిగిపోయింది. ఇది మా చెల్లెలి పెళ్లికి నాకు పెట్టింది. కృష్ణా పుష్కరాలొచ్చిన ఏడు.’ మరి శుభలేఖ అందులో ఎందుకుందని అడిగితే, ‘నలగకుండా ఉంటుందని మంచి చీర మడతలో పెట్టుకున్నా’ అన్నారు. చెల్లెలి పెద్దకొడుకు వయసుతో లెక్క చూస్తే ఆ పుష్కరాలు 1968వి.

కాగితానికి తారీఖు సరిగ్గానే పట్టాం. ఆ కాగితం తారీఖును చీరకు కట్టబెట్టిన తప్పు మాత్రం వ్యాపారి ఒక్కరిదే కాదు, నాదీ, సిద్ధాంతిగారి దగ్గరికి మోసుకెళ్లిన మా ఉత్సాహానిదీ. రెండూ ఒకే మడతలో దొరికాయి కాబట్టి రెండూ ఒకే రోజువి అన్న ఊహ మూడో గడిలో ఉండాల్సింది. మేం దాన్ని మొదటి గడిలో రాశాం. వ్యాపారి అమెరికాకు రెండో ఉత్తరం రాశారు.

తర్వాత మారినవి

అడిగే తీరు మారింది. ఇప్పుడు ఆమె ‘ఎప్పటిది’ అని అడగరు. ఈ చీర ఎవరు పెట్టారు, ఎవరి పెళ్లికి, అప్పటికి ఇంట్లో ఎవరెవరు పుట్టారు, పుష్కరాలకు ముందా తర్వాతా, దివిసీమ ఉప్పెనకు ముందా తర్వాతా అని అడుగుతారు. 1977 నవంబరు ఉప్పెన ఆ ప్రాంతంలో ఎవరూ మరిచిపోలేని తారీఖు. మనుషులకు సంవత్సరాలు గుర్తుండవు, వరసలు గుర్తుంటాయి. వెండి తీసేవాళ్ల దగ్గర కొనడం ఆమె ఆపలేదు, ఆపమని నేనూ చెప్పను, కానీ అక్కడ కొన్న ప్రతిదాని కార్డు మీద రెండో గడిని ఖాళీగానే వదిలేస్తున్నారు.

కొన్న రోజు, కొన్న ధర, చేయించిన మరమ్మతు కూడా కార్డు వెనక రాయడం అలవాటైంది. వస్తు సేవల పన్ను నిబంధనల్లో 32(5) ప్రకారం, వాడిన వస్తువును స్వభావం మారనంత చిన్న మరమ్మతుతో అమ్మి, కొన్నప్పుడు కట్టిన పన్నును జమగా (ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్) తీసుకోకపోతే, కొన్న ధరకూ అమ్మిన ధరకూ మధ్య తేడా మీదే పన్ను. ఆ తేడా చూపడానికి వస్త్రం వారీగా లెక్క కావాలి. ఇది నేను ఊహించని లాభం. చిరిగిన చీరను లెహంగాగా కుట్టించి అమ్మడం ఆ కోవలోకి రాదేమోనని ఆమె లెక్కల మనిషి హెచ్చరించాక, కత్తెర పట్టడం చాలా తగ్గించారు. వృత్తిరీత్యా నాకు అది అన్నిటికన్నా సంతోషం.

ఒక విషయంలో మాకు ఏకాభిప్రాయం కుదరలేదు. తాను అమ్మే వస్త్రాల గురించి తానే పుస్తకం రాస్తే వాటి ధర పెరుగుతుంది. కాబట్టి పుస్తకంలోని ప్రతి వస్త్రం ఎవరి దగ్గరుందో, అమ్మకానికి ఉందో లేదో, ఎంతకు కొన్నదీ ఎంతకు అమ్మినదీ అచ్చువేయాలని నేను పట్టుబట్టాను. యాజమాన్యం వివరాలు వేయడానికి ఆమె వెంటనే ఒప్పుకున్నారు. ధరలకు ఒప్పుకోలేదు. తక్కువకు అమ్ముకున్న ఇళ్లవాళ్లు ఆ అంకెలు చూసి బాధపడతారన్నది ఆమె వాదన. ఆ బాధ పడే హక్కు వాళ్లకుందన్నది నాది. పుస్తకం ధరలు లేకుండానే వచ్చింది. అందులో పంతొమ్మిది అధ్యాయాలున్నాయి, ప్రతిదానికీ ఎదురు పేజీలో మూడు గడుల కార్డు ఉన్నదున్నట్టు అచ్చయింది, కొట్టివేతలతో సహా. బెనారస్ చీర కార్డు మీద 1895 ఉంది, దాని మీద గీత, పక్కన 1955, దాని మీద ఇంకో గీత.

మామ్మగారిని పుస్తకానికి అనుమతి అడగడానికి వెళ్లినప్పుడు, చీర అమెరికాలో ఉందని, కావాలంటే తిరిగి తెప్పించే ప్రయత్నం చేస్తానని వ్యాపారి చెప్పారు. ఆవిడ చీర అక్కర్లేదన్నారు, కట్టుకునేవాళ్ల దగ్గరుంటే మంచిదేనన్నారు. శుభలేఖ మాత్రం అడిగారు. అమ్మినప్పుడు చీరతో పాటే దాన్నీ పంపేసి ఉన్నారు. కొన్నవారికి సంగతి రాస్తే, ఎదురు మాట లేకుండా, రెండు అట్టల మధ్య పెట్టి రిజిస్టర్డ్ పోస్టులో పంపారు. నేను దాన్ని ఆమ్లం లేని కాగితంలో మడవకుండా ఉంచి, కలరా ఉండలు దగ్గర పెట్టవద్దని చెప్పి ఆవిడ చేతికిచ్చాను. ఆవిడ దాన్ని విప్పి చదువుకుని, లేచి వెళ్లి, బీరువాలోని ఒక గద్వాల చీర మడతలో పెట్టుకున్నారు.